పిల్లల చేతికీ కాళ్ళకీ పని చెప్పే బొమ్మలు ఎలా ఎంచుకోవాలి: పుట్టినప్పటి నుంచి ఐదేళ్ళ దాకా

బొమ్మల షాపులోకి వెళ్ళగానే ముందు కనపడేవి లైట్లు వెలిగేవి, పాటలు పాడేవి, బటన్ నొక్కితే గిరగిరా తిరిగేవి. డబ్బా మీద బ్రెయిన్ డెవలప్‌మెంట్ అనో మోటార్ స్కిల్స్ అనో పెద్దక్షరాలతో రాసుంటుంది, మనం కూడా సరేలే పిల్లాడికి మంచిదేగా అని వెయ్యో రెండు వేలో పెట్టి తెచ్చేస్తాం, తీరా ఇంటికొచ్చాక చూస్తే బొమ్మ ఆడుతుంటుంది, పిల్లాడు కూర్చుని చూస్తుంటాడు.

మోటార్ స్కిల్స్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. బోర్లా పడటం, పాకడం, నడవడం, ఎగరడం, బంతి తన్నడం ఇవన్నీ పెద్ద కండరాల పని, దీన్ని గ్రాస్ మోటార్ అంటారు. పట్టుకోవడం, తిప్పడం, గుచ్చడం, గీయడం వేళ్ళ పని, అది ఫైన్ మోటార్. అందుకే బొమ్మ చేతిలోకి తీసుకోగానే నేను చూసేది ఒక్కటే, దీంతో పని చేసేది ఎవరు, బొమ్మా పిల్లా? బ్యాటరీ పని చేస్తుంటే పిల్లకి పనేం మిగల్లేదన్నమాట. మిగతాదంతా ఈ ఒక్క లెక్క నుంచి వచ్చేదే, కాకపోతే వయసుని బట్టి, ఇంటిని బట్టి, సేఫ్టీని బట్టి కొంచెం వివరంగా చూసుకోవాలి.

స్టెప్ 1: ముందు పిల్లని చూడండి, డబ్బా మీద వయసుని తర్వాత చూద్దురుగానీ

ఓ వారం రోజులు ఊరికే గమనించండి. వస్తువు పట్టుకునేటప్పుడు మొత్తం అరచేత్తో పిడికిలి బిగించి పట్టుకుంటోందా, లేక బొటనవేలూ చూపుడువేలూ కలిపి తీస్తోందా? ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోందా? ఏదన్నా పట్టుకుని లేస్తోందా, లేచాక కూర్చోవడం వస్తోందా (చాలామందికి లేవడం ముందొచ్చి కూర్చోవడం రాక నిలబడి ఏడుస్తారు)? ఇప్పుడు చేస్తున్న పని కంటే ఒక్క మెట్టు పైన ఉన్న బొమ్మ కావాలి మనకి. నాలుగు మెట్లు పైనున్నది తెస్తే విసిరేస్తారు, వచ్చేసిన పనిదే మళ్ళీ తెస్తే రెండు నిమిషాల్లో వదిలేస్తారు.

పక్కింటి పిల్లతో పోల్చుకోకండి. డబ్ల్యూహెచ్ఓ వాళ్ళు ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లల్ని చూసి 2006లో ఇచ్చిన లెక్కల ప్రకారం ఆసరా లేకుండా నడవడం 8 నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్యలో ఎప్పుడొచ్చినా మామూలే, ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు 4 నుంచి 9 నెలల మధ్య. చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నేరుగా నడిచేసిన పిల్లలు కూడా నూటికి నలుగురు ఉన్నారు. అంచేత "మీవాడింకా పాకట్లేదా" అని పెళ్ళిళ్ళలో అడిగేవాళ్ళకి నవ్వి ఊరుకోవచ్చు. ఇంకోటి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే రెండేళ్ళొచ్చేదాకా డెలివరీ డేట్ అని డాక్టర్ ఇచ్చిన తేదీ నుంచే వయసు లెక్కేసుకోవాలి.

డబ్బా మీద 3+ అని ఉంటే మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అది తెలివికి సంబంధించిన నంబరు కాదు, అందులో గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు ఉన్నాయని చెప్పడం. "మావాడు చాలా చురుకండీ, రెండేళ్ళకే ఆడేస్తాడు" అనేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు.

స్టెప్ 2: దశని బట్టి ఎంచుకోండి

*మొదటి ఆరు నెలలు.* నిజం చెప్పాలంటే కొనాల్సిందేమీ పెద్దగా లేదు. చాప మీద బొంత పరిచి, మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనుండగా పిల్లని బోర్లా పడుకోబెట్టడమే పెద్ద వ్యాయామం, మెడా భుజాలూ గట్టిపడేది అక్కడే. ఇంకా కదల్లేని పిల్లలకి రోజు మొత్తం మీద కనీసం అరగంట, అదీ విడతలు విడతలుగా చేయించమని 2019లో డబ్ల్యూహెచ్ఓ చెప్పింది. ఎదురుగా పగలని అద్దం ఒకటి, తెలుపూ నలుపూ పెద్ద బొమ్మలున్న గుడ్డ పుస్తకం ఒకటి పెడితే తలెత్తి చూస్తారు. మూడో నెల దాటాక గిలక్కాయ. దాని పిడి సన్నగా ఉండాలి, పిల్ల పిడికిట్లో పట్టాలి, బరువు తక్కువుండాలి, ఎందుకంటే ఆ వయసులో గిలక్కాయ తిన్నగా ముక్కు మీదే పడుతుంది. ఉయ్యాలకి కట్టే చిలకలు, రంగుల కుచ్చులు చూడటానికి బావుంటాయి, కాకపోతే పిల్ల చేతుల మీద లేవడం మొదలుపెట్టగానే తీసేయండి, తాళ్ళు మెడకి చుట్టుకుంటాయి.

*ఆరు నుంచి పన్నెండు నెలలు.* ఇక్కడ్నుంచి సరదా. కూర్చోవడం వచ్చాక రెండు చేతులూ ఖాళీ అవుతాయి, రెండు వస్తువులు పట్టుకుని టకటకా కొట్టుకోవడం, చేయి మార్చుకోవడం, డబ్బాలో వేయడం, తీయడం. ఒక స్టీలు గిన్నె, చెక్క గరిటె, నాలుగైదు పెద్ద చెక్క దిమ్మెలు ఉంటే చాలు. తొమ్మిది పది నెలలప్పుడు పిల్లని అన్నం కంచం ముందు కూర్చోబెట్టి చూడండి, ముందు అరచేత్తో గీకుతుంది, మెతుకులన్నీ వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి, కొన్నాళ్ళకి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకి తెచ్చి నేల మీద పడ్డ ఒకే ఒక్క మెతుకుని కళ్ళు చిట్లించి తీసి నోట్లో పెట్టుకుంటుంది. రేపు పెన్సిల్ పట్టుకునేది, గుండీ పెట్టుకునేది ఈ పట్టుతోనే. దీనికి ప్రత్యేకం బొమ్మలెందుకు, మెత్తగా ఉడికిన అన్నం, ఇడ్లీ తుంపులు చాలు, ఇల్లు తుడుచుకోవడమే మన పని. అలాగే ఎన్నిసార్లు తీసిచ్చినా చెంచా కింద పడేస్తుంటారు చూశారా, మనకి విసుగే గానీ, పట్టుకున్నదాన్ని కావాలని వదలడం కూడా నేర్చుకోవాల్సిన పనే, అదే ప్రాక్టీస్ చేస్తున్నారు.

*ఏడాది నుంచి రెండేళ్ళు.* నడక వచ్చే టైము. మన ఊళ్ళలో చెక్కతో చేసిన మూడు చక్రాల బండి ఉండేది, పట్టుకుని తోసుకుంటూ నడవడానికి, ఇప్పటికీ జాతరల్లో, కొయ్య బొమ్మల షాపుల్లో దొరుకుతుంది. మంచి వస్తువు, పిల్ల తన కాళ్ళ మీద తనే నిలబడి తోస్తుంది. ఒక్కటే ఇబ్బంది, అది మట్టి నేల కోసం చేసింది, మన టైల్స్ మీద సర్రున జారిపోయి పిల్ల మూతి పగులుతుంది. చక్రాలకి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగించండి, పట్టు వస్తుంది. నాలుగు చక్రాల తోపుడు బండి కొంటే అందులో రెండు కిలోల బియ్యం ప్యాకెట్ వేసి పెడితే ముందుకు ఎగిరి పడదు, నడక గట్టిపడ్డాక బరువు తీసేయొచ్చు. కొనేటప్పుడు హ్యాండిల్ మీద మీ చెయ్యి గట్టిగా నొక్కి చూడండి, బండి వెనక్కి లేస్తే వద్దు, పిల్ల పట్టుకుని లేచేటప్పుడు మీద పడుతుంది.

ఇంకా ఈ ఏడాదిలో దిమ్మెలు పేర్చడం (ఏడాదింపావుకి రెండు, రెండేళ్ళకి ఆరు దాకా పేరుస్తారు మామూలుగా), ఒకదాంట్లో ఒకటి పట్టే గిన్నెలు, కర్రకి తొడిగే రింగులు, తాడు కట్టి లాగే బండి. ఆకారాల డబ్బా కొంటే మొదట గుండ్రంది ఒక్కటే ఇచ్చి మిగతావి దాచేయండి, అన్నీ ఒకేసారి ఇస్తే మూత తీసి లోపల పడేయడం నేర్చుకుంటారు (అదీ తెలివే అనుకోండి). లావుపాటి క్రేయాన్ ఒకటి, పాత క్యాలెండర్ వెనక వైపు. ఏం గీశారని అడగొద్దు, భుజం తిప్పుతున్నారు అంతే.

*రెండు నుంచి మూడు.* రెండు కాళ్ళతో ఎగరడం, బంతి తన్నడం, మెట్లెక్కడం. ఈ వయసుకి కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోయే చిన్న బండి, పెడల్స్ లేనిది, చాలా మంచిది. చేతులకైతే పిండి ముద్ద. చపాతీ పిండి కలిపేటప్పుడు నిమ్మకాయంత ఇచ్చేయండి, ఉప్పు కాస్త ఎక్కువేసి కలిపిన ముద్ద అయితే రెండ్రోజులు ఉంటుంది, కానీ అది నోట్లో పెట్టుకోనివ్వద్దు. పిసకడం, పాములా చేయడం, చిటికెడు గిల్లడం, వీటితో అరచేతి కండరాలకి వచ్చే బలం ఏ యాప్‌తోనూ రాదు. పిడులున్న చెక్క పజిల్, షూ లేసుకి గుచ్చే పెద్ద పూసలు (పెద్దవంటే స్టెప్ 4లో చెప్పే అట్ట గొట్టంలోంచి జారిపోనివి), రెండు చెంబుల మధ్య నీళ్ళు పోసుకోవడం.

*మూడు నుంచి ఐదు.* మూడు చక్రాల సైకిల్ మూడేళ్ళకి అందుతుంది, కొనేటప్పుడు కూర్చోబెట్టి చూడండి, పెడల్ కింద ఉన్నప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి, సాగదీసి అందుకునేంత పెద్దది "రెండేళ్ళు వస్తుందిలే" అని కొంటే ఆ రెండేళ్ళూ వాడరు. బంతి పట్టుకోవడం రాకపోతే చిన్న బంతి కాదు, పెద్దది తేలికది ఇవ్వండి, బీచ్ బాల్ సగం గాలి తీసేసి ఇస్తే మెత్తగా నెమ్మదిగా వస్తుంది, గుండెకి హత్తుకుని పట్టుకుంటారు.

మొద్దు మొన కత్తెర ఇవ్వొచ్చు. మామూలు కాగితం వంగిపోయి పిల్లలకి తెగదు, పాత శుభలేఖల అట్టలు బెస్ట్, వేలెడు వెడల్పు పట్టీలుగా చేసి ఇస్తే ఒక్క నొక్కుకి ఒక ముక్క తెగుతుంది, ఆ సంతోషం వేరు. తర్వాత గీత వెంట, ఆ తర్వాత గుండ్రంగా. బొటనవేలు పైకుండేలా చూసుకోండి.

పలకా బలపం గురించి ఒక మాట. మూడేళ్ళ పిల్లకి అక్షరాభ్యాసం అయిపోయింది కాబట్టి రోజూ అ ఆలు దిద్దాల్సిందే అని కూర్చోబెడతారు చాలామంది, ఇప్పుడు నర్సరీల్లో కూడా హోంవర్కులే. మూడేళ్ళకి చూసి గీయగలిగేది గీతలూ సున్నా, అంతవరకే, చతురస్రం నాలుగు దాటాకే, త్రిభుజం ఐదుకి. వేళ్ళల్లో బలం లేకుండా అక్షరాలు దిద్దిస్తే పెన్సిల్‌ని పిడికిట్లో పట్టుకోవడం అలవాటవుతుంది, తర్వాత మాన్పించడం కష్టం. దానికి బదులు పొట్టి సుద్దముక్క ఇచ్చి పలకని గోడకి నిలబెట్టి గీయమనండి, ముక్క పొట్టిదైతే పిడికిట్లో పట్టుకోవడం కుదరక మూడు వేళ్ళూ వాటంతటవే వస్తాయి, నిలువుగా గీసేటప్పుడు మణికట్టు కూడా సరిగ్గా వంగుతుంది. ఎడం చేత్తో గీస్తే గీయనివ్వండి, కుడి చేతికి మార్చే పని పెట్టుకోకండి.

ఐదుకి దగ్గరవుతుంటే మన ఆటలే చాలు. ఒంటికాలి మీద గెంతడానికి తొక్కుడుబిళ్ళ, కంటికీ చేతికీ జత కుదరడానికి అచ్చెనగండ్లు, గుప్పిట్లోంచి ఒక్కో చింతపిక్కా జార్చుకుంటూ పోవడానికి వామనగుంటలు. చింతపిక్కలు మాత్రం ఇంట్లో చిన్న పిల్లలుంటే లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవాలి, ముక్కులో పెట్టుకుంటారు.

స్టెప్ 3: వీటిని కొనకండి, గిఫ్టుగా వస్తే పక్కన పెట్టండి

చక్రాల వాకర్. మీరు కొనకపోయినా మేనమామో బాబాయో తెస్తారు, అందుకే గట్టిగా చెప్తున్నా. అందులో కూర్చున్న పిల్ల మునివేళ్ళతో నేలని నెట్టుతుంది, తన పాదాలు తనకి కనపడవు, బరువు మోయడం, బ్యాలెన్స్ చేసుకోవడం ఏదీ నేర్చుకోదు, నడక తొందరగా రావడం అటుంచి ఆలస్యమయ్యే అవకాశమే ఎక్కువ. పైగా మనం చూసేలోపు మెట్ల దగ్గరికో, వేడి గిన్నె దగ్గరికో వెళ్ళిపోతుంది. కెనడాలో 2004 నుంచి దీని అమ్మకమే నిషేధం, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా నిషేధించమనే అడుగుతోంది. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారనుకుంటే ఫొటో ఒకటి తీసి పంపించి అటక మీద పెట్టేయండి.

కూర్చుని తిరిగే బ్యాటరీ కారు, పదివేలు పోసి బర్త్‌డేకి కొంటారు, స్టీరింగ్ తిప్పడం తప్ప ఒంటికి పనేం లేదు, ఆ డబ్బుతో సైకిలూ బంతీ దిమ్మెలూ అన్నీ వచ్చి ఇంకా మిగులుతాయి. నీళ్ళల్లో ఉబ్బే జెల్లీ పూసలు అసలొద్దు, మింగితే కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి. చిన్న చిన్న అయస్కాంతాల సెట్లూ అసలొద్దు. బెలూన్ కూడా చిన్న పిల్లలకి ప్రమాదమే, పగిలిన ముక్క గొంతుకి అతుక్కుపోతుంది, ఉదయం పార్టీ అయితే సాయంత్రానికి అన్నీ ఏరి పడేయండి.

స్టెప్ 4: షాపులో నిలబడి చేసే చెకింగ్

టిష్యూ రోల్ అయిపోయాక మధ్యలో మిగిలే అట్ట గొట్టం ఒకటి బ్యాగులో వేసుకెళ్ళండి. మూడేళ్ళలోపు పిల్లకి కొనే బొమ్మ గానీ దాని ముక్క గానీ ఆ గొట్టంలోంచి జారిపోతే కొనొద్దు. తర్వాత కళ్ళూ ముక్కూ గుండీలూ చక్రాలూ పట్టుకుని గట్టిగా లాగి చూడండి, షాపువాడు ఏమన్నా అనుకోనీండి, మీ చేతికి వచ్చేది పిల్ల పళ్ళకి రాదా? అంచుల మీద వేలు పోనివ్వండి. వాసన చూడండి, పెట్రోలు లాంటి ఘాటు ప్లాస్టిక్ వాసన వస్తే వదిలేయండి. రంగు బొమ్మైతే తడి తెల్ల కర్చీఫ్‌తో రుద్దండి, రంగంటితే అది నోట్లోకి వెళ్తుంది. లాగే బండి తాడు ఏడాదిన్నర లోపు పిల్లకైతే జానెడు మించకూడదు. బ్యాటరీ ఉంటే దాని మూతకి స్క్రూ ఉండాలి, ఊరికే గోరుతో తెరుచుకునేది వద్దు. ముఖ్యంగా గుండ్రంగా బిళ్ళలా ఉండే బ్యాటరీ, అది మింగితే రెండు గంటల్లోపే ఆహారనాళం కాలిపోవచ్చు, అలాంటి అనుమానం వస్తే అరటిపండు తినిపించి రేపటిదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఐఎస్ఐ మార్కు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఇది తప్పనిసరి, ఇంపోర్ట్ అయినవాటికి కూడా. మార్కు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉంటుంది, ఈ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలిసిపోతుంది. మరి ఏటికొప్పాక బొమ్మ మీద మార్కు లేదేంటి అంటే, రిజిస్టర్ అయిన చేతివృత్తుల వాళ్ళు చేసినవాటికీ జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానికే చెందిన వస్తువని ఇచ్చేది) ఉన్నవాటికీ మినహాయింపు ఇచ్చారు.

ఈ కొయ్య బొమ్మల్లో తేడా తెలుసుకోండి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి పట్టి లక్క పూసి చేస్తారు, అంచులు గుండ్రంగా నున్నగా ఉంటాయి, గిలక్కాయలు, బొంగరాలు, లక్కపిడతలు చిన్న చేతులకి బాగా పనికొస్తాయి, ప్రకృతి రంగులవేనా అని అడిగి మరీ తీసుకోండి. కొండపల్లి బొమ్మ వేరు, తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, మెత్తన, ముక్కలు అతికించి పైన రంగులేస్తారు, అంబారీ ఏనుగైనా దశావతారాలైనా అది బొమ్మల కొలువులో ఉండాల్సిందే గానీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లకి ఇచ్చేది కాదు. లేపాక్షి, గోల్కొండ షోరూముల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చెప్తున్నా.

స్టెప్ 5: కొనే ముందు వంటింట్లో వెతకండి

బట్టల క్లిప్పులు ఒక ప్లేటు అంచుకి పెట్టడం, తీయడం, వేళ్ళకి ఇంతకంటే మంచి కసరత్తు లేదు. ఇడ్లీ రేకు గుంటల్లో ఒక్కో నిమ్మకాయ పెట్టించండి, కాస్త పెద్దయ్యాక పట్టకారుతో పెట్టమనండి. స్టీలు డబ్బాలు ఒకదాంట్లో ఒకటి, టిఫిన్ క్యారేజీ గిన్నెలు వరసగా పేర్చి క్లిప్పు వేయడం, ఖాళీ సీసాలకి మూతలు తిప్పడం. పెద్ద కండరాలకైతే దిండ్లు వరసగా పేర్చి దాటించండి, అట్టపెట్టెలో పాత పుస్తకాలు వేసి హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నెట్టించండి, బరువు నెట్టడం పిల్లలకి భలే ఇష్టం. పల్లీలు, శనగలు, బఠాణీలు మాత్రం ఆటకీ వద్దు, నాలుగేళ్ళు దాటేదాకా తినడానికి గింజగా ఇవ్వడమూ వద్దు.

స్టెప్ 6: తెచ్చాక ఎలా పెట్టాలి

అన్నీ ఒక బుట్టలో పోసి ఇవ్వకండి. అమెరికాలో టొలెడో యూనివర్సిటీ వాళ్ళు 36 మంది చిన్న పిల్లలకి ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు ఇచ్చి చూస్తే, నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదాంతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. కాబట్టి నాలుగైదు బయట, మిగతావి అటక మీద, పదిహేను రోజులకోసారి మార్చండి, పాతదే కొత్తదై వస్తుంది. కింద అరలో, పిల్ల తనంతట తను తీసుకునేలా. రింగు ఎక్కట్లేదని మీరే ఎక్కించేయకండి, కాస్త ఆగండి, మరీ ఏడుపు మొహం పెడితే కర్రని మీరు కదలకుండా పట్టుకోండి, రింగు తననే వేయనివ్వండి. బామ్మలకి ఈ ఆగడం అసలు చేతకాదు, ప్రేమ అలాంటిది.

స్టెప్ 7: బొమ్మతో పని కాని సందర్భం

కొన్ని చూస్తే ఇంకో బొమ్మ కొనడం కాదు, పిల్లల డాక్టర్‌ని కలవాలి. తొమ్మిది నెలలొచ్చినా కూర్చోలేకపోవడం, ఏడాదిన్నర దాటినా నడక రాకపోవడం, ఏడాదిలోపే ఒక్క చేతినే వాడుతూ రెండోది ముడుచుకునే ఉంచడం, ఒళ్ళు మరీ బిగుసుకుపోయినట్టో మరీ వేలాడినట్టో ఉండటం, అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన పని మళ్ళీ పోవడం. "వాళ్ళ నాన్న కూడా లేటే" అని ఆగొద్దు. అంగన్‌వాడీలో చెప్పినా ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) టీమ్ చూస్తారు, అవసరమైతే జిల్లా కేంద్రంలో ఉండే డీఈఐసీకి (ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల్ని చూసే ప్రభుత్వ కేంద్రం) పంపుతారు, అక్కడ ఫిజియోథెరపీ లాంటివి ఫ్రీ. వెళ్ళేముందు ఇంట్లో పిల్ల ఆడుకుంటున్నప్పుడు ఫోన్లో రెండు మూడు వీడియోలు తీసుకోండి, నేల మీద ఎలా కదులుతోంది, బొమ్మని ఏ చేత్తో ఎలా పట్టుకుంటోంది కనపడేలా, ఎందుకంటే డాక్టర్ ముందు కూర్చోగానే ఏ పిల్లైనా అమ్మ మెడ పట్టుకుని ఏడుస్తుంది తప్ప ఏదీ చేసి చూపించదు.